కట్టెల కొట్టము
(గ్రంథాలయ రజతోత్సవ సభ యందు చేసిన ఉపన్యాసము)



ఇట్టి ఉత్సవములందు కావ్యమును గూర్చియో, చరిత్రను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేను కట్టెల కొట్టమును గూర్చి ప్రసంగింపదలచితిని. గ్రంథాలయమున నేర్చిన చదువు పెరటి వరకును నడచి వెళ్లవలెనని నా అభిప్రాయము.

‘గ్యాసు వచ్చినది గదా, ఇంకను కట్టెలేల?’ అని యువకులు అడుగవచ్చును. 1999లో దీపము పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చిన పిమ్మట పేదల ఇండ్లకు సైతము గ్యాసు పొయ్యి చేరిన మాట నిజము. అయినను నీళ్ల కాగు క్రిందను, పెండ్లివంటల గాడిపొయ్యి యందును, సంగటికుండ క్రిందను నేటికిని కట్టెయే మండుచున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పట్టుపురుగుల పెంపకము గలవారు ఆకు కోసిన పిమ్మట మల్బరీ కట్టెను పొయ్యికి వాడుదురు. టమోటా తోటలో ఊతమిచ్చి విరిగిన కట్టెయు తుదకు అక్కడికే చేరును.

ఇందులో రెండు ప్రమాదములున్నవి. మొదటిది పొగ. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. ఆ నీరు ఆవిరియగుటకే మంట బలము వ్యయమగును. మిగిలినది పొగయై, పొయ్యి ముందున్న ఇల్లాలి కన్నులకును ఊపిరితిత్తులకును చేటు తెచ్చును. క్షయ చికిత్సకు పేరొందిన ఆరోగ్యవరము మన మదనపల్లె చెంతనే ఉన్నది. ఊపిరితిత్తుల విలువ ఈ ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. కట్టెలో నీటి పాలు ఐదవ వంతునకు లోబడిన పిమ్మటనే పొయ్యిలో పెట్టవలెను. రెండవ ప్రమాదము పాము. నేలపై పడవేసిన కట్టెల క్రింద ఎలుక చేరును. ఎలుక వెంట కట్లపాము చేరును. చక్కని కొట్టము ఒక్కటి ఈ రెండు ప్రమాదములను చాల వరకు తగ్గించును.

మొదట చోటును నిర్ణయింపుడు. ఇంటి గోడకు ఆనించి కట్టరాదు. పది అడుగులైనను ఎడముండవలెను. మనకు జూన్ మొదలు పడమటి గాలితోను, అక్టోబరు మొదలు ఈశాన్యపు గాలితోను వానలు వచ్చును. కావున కొట్టము వీపు ఉత్తరమునకును, ముఖము దక్షిణమునకును ఉండవలెను. శీతకాలమున సూర్యుడు దక్షిణముగా నడచును గనుక ఎండ లోపలికి వచ్చి కట్టెను ఆరబెట్టును. పడమటి ప్రక్కకు వెదురు బద్దల తడిక చాలును. నాలుగు వైపుల గోడ కట్టినచో గాలియాడదు. గాలియాడనిచో కట్టె ఆరదు, బూజు పట్టును.

ఒక సంసారమునకు పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు చాలును. ముందు మూడు, వెనుక మూడు స్తంభములు కావలెను. కుప్పము నల్లరాతికి పేరుపొందిన ప్రాంతము. రాతి కూసములు దొరకు చోట అవియే శ్రేష్ఠము. రాతికి చెదలు పట్టవు. రెండడుగుల లోతున పాతి, నేలపై ముందటివి ఏడడుగులు, వెనుకటివి ఐదున్నర అడుగులు ఉండునట్లు నిలుపవలెను. తలపై గాడి తీయించి, దూలమును అందు కూర్చుండబెట్టి, జింకు తీగతో బిగింపుడు. కొయ్య గుంజలైనచో మట్టిని తాకు భాగమే మొదట చెడును. కావున వానిని రాతిపై నిలిపి ఇనుప పట్టీలతో బంధించి, ప్రతి మూలను ఏటవాలుగా ఒక ఆనుకట్టె వేయవలెను. నాలుగు కట్టెల చట్రము త్రోసిన ఒరగును. మూడు కట్టెల చట్రము ఒరగదు. పుంగనూరు ఆవు ఇంచుమించు మూడడుగుల ఎత్తు గల పొట్టిజాతి; అది వీపు రుద్దుకొన్నను కదలని కట్టుబడి మనకు కావలెను.

దూలములపై మూడడుగులకు ఒకటి చొప్పున ఐదు వాసములు వేయుడు. ముందు ఒకటిన్నర అడుగు, వెనుక ఒక అడుగు చూరు దిగుటకు తొమ్మిదడుగుల సరుగుడు వాసము సరిపోవును. వానిపై అడ్డపట్టెలు, ఆపై కప్పు.

కప్పునకు బోద మనకు అలవాటే గాని, పొయ్యి గల పెరటిలో నిప్పురవ్వకు అది చుట్టము. మంగళూరు పెంకు చల్లనిది, మన్నునది. 1865లో బాసెల్ మిషనువారు మంగళూరులో నెలకొల్పిన కర్మాగారము మొదలుకొని దక్షిణదేశమంతట అది వ్యాపించినది. కాని పెంకునకు ఆరడుగులకు మూడున్నర అడుగుల వాలు ఉండవలెను. నేను చెప్పిన కొలతలకు ఒకటిన్నర అడుగు వాలే గనుక జింకు రేకు తగినది. ఆస్బెస్టాసు రేకు వలదు. దానిని కోసినపుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు హానికరము. రేకుపై రేకు ఒకటిన్నర మడత ఎక్కవలెను. మరమేకును మడత గట్టుపై, వాషరు వేసి బిగింపవలెను. పల్లములో బిగించినచో నీరు అచ్చటనే కారును.

ఒక మాట మరువవలదు. తెరచియున్న కొట్టములో గాలి కప్పును క్రిందికి నొక్కుటకంటె పైకెత్తుటయే ఎక్కువ. వేసవి గాలివానలో రేకులు ఎగురుట అందువలననే. ఎగిరిన రేకు మనిషిని కోయగలదు. కావున వాసమును దూలమునకును, దూలమును స్తంభమునకును తీగతో కట్టి తీరవలెను. కప్పుపై రాళ్లు పెట్టుట రక్షణ కాదు.

లోపల కట్టెను నేలకు అడుగెత్తున బండలపై పేర్చుడు. ఆ అడుగున చీపురు దూరవలెను, వెలుతురు దూరవలెను. నడిమి స్తంభముల వలన రెండు అరలేర్పడును. ఒకదానిలో ఆరిన కట్టె, రెండవదానిలో ఈ ఏటి పచ్చికట్టె. మొదటిది తీరిన పిమ్మటనే రెండవది. చుట్టును మూడడుగుల మేర గడ్డి చెక్కివేయుడు. చీకటిలో దీపము లేక పోరాదు. చేయి పెట్టక ముందు కర్రతో కదలింపుడు. కట్లపాము కాటు నొప్పి తెలియకపోవచ్చును. అనుమానము కలిగినను గాటు పెట్టక, కట్టు బిగింపక, మంత్రమునకై కాలము గడపక, ఆ అంగమును కదలనీయక ఆసుపత్రికి చేర్పుడు. విరుగుడు మందు అచ్చటనే ఉన్నది.

ఇంత శ్రమ ఎవరి కొరకు? ఎండలో కొండవాలు నుండి మోపు నెత్తికెత్తుకొని వచ్చు స్త్రీ కొరకు. ఆమె తెచ్చిన మోపు వానకు తడిసి, చెదలకు ఆహుతియైనచో మరల ఆమెయే కొండకు పోవలెను. ఆరిన కట్టె తక్కువ పట్టును. ఆ మేరకు కొండయు పచ్చగా మిగులును. పుస్తకమునకును కట్టెకును చెద ఒక్కటే శత్రువు. ఇరువదియైదు సంవత్సరములు పుస్తకములను చెదకు చిక్కకుండ కాపాడిన ఊరు, ఇంటి ఇల్లాలి కష్టమును కూడ అట్లే కాపాడవలెనని కోరుచున్నాను.