పాత కారు కొనుటకు ముందు: స్టీరింగు, బ్రేకు, స్ప్రింగుల పరీక్ష

(యాడికిలో గ్రామపంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



పెనుకొండ చెంతనున్న ఎర్రమంచిలో 2019వ సంవత్సరమున కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి ఆరంభించినది. ఆనాడు అది మన అనంతపురము జిల్లాయే. 2022 నుండి ఆ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అచట బయలుదేరిన క్రొత్త కారు తిన్నగా యాడికికో, రాయలచెరువుకో వచ్చుట అరుదు. మన పల్లెలకు చేరు బండి సామాన్యముగా బెంగుళూరులోనో, అనంతపురములోనో పదియేండ్లు తిరిగి, ఇద్దరు ముగ్గురు చేతులు మారి వచ్చును. వేరుశనగ పండిన ఏట మిగిలిన సొమ్మునకు కొంత అప్పు జతచేసి కొనిన బండి అది. కొనినవాని కుటుంబమొక్కటే దాని నెక్కదు. నొప్పులు పడుచున్న పొరుగింటి ఆడపడుచును అర్ధరాత్రి తాడిపత్రి ఆసుపత్రికి చేర్చునది అదే. పెండ్లికి పదిమందిని మోయునదియు అదే. బేరమునకు పోవునపుడు ఊరి పెద్దలలో ఒకరిని వెంట రమ్మని పిలుచుట మన వాడుక గనుక ఈ విషయము మీ యెదుట చెప్పుచున్నాను.

వెంట పోయినవారు రంగు చూతురు, సీట్లు చూతురు, ఇంజను శబ్దము విని తల యూపుదురు. ఇంజను చెడిన బండి దారిలో నిలిచిపోవును, అంతే. బ్రేకు చెడిన బండి నిలువవలసిన చోట నిలువదు. కావున మొదట చూడవలసినవి చక్రమును త్రిప్పు భాగములు, ఆపు భాగములు, మోయు భాగములు.

“బండి వణకుచున్నది” అని చెప్పుట వైద్యునితో “ఒంట్లో బాగులేదు” అని చెప్పుట వంటిది. ఎప్పుడు వణకుచున్నది? బ్రేకు త్రొక్కినపుడా, మలుపులోనా, గుంతలోనా, వేగము పెరిగినపుడా? ఎక్కడ తెలియుచున్నది? చేతిలోని స్టీరింగునకా, కాలి క్రింది పెడలునకా, కూర్చున్న సీటునకా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము దొరికినచో దోషములో సగము దొరికినట్లే. అది తెలియక ఒక్కొక్క సామాను మార్చుచు పోయినచో డబ్బు పోవును, దోషము మిగులును.

పగటివేళ, బండి చల్లగా నుండగా పోవలెను. అమ్మువాడు ముందుగానే వేడిచేసి యుంచినచో కొంతసేపు ఆగుడు. మొదట టైర్లలో గాలి కొలిపించుడు. ఎంత గాలి ఉండవలెనో డ్రైవరు తలుపు చెంత అంటించిన చీటీపై సాధారణముగా వ్రాసియుండును. ఒక ముందు టైరులో గాలి తగ్గినచో బండి ఆ వైపునకు లాగును. అది స్టీరింగు దోషమని భ్రమపడి బేరము వదలుకొనువారును కలరు.

పిదప టైర్ల అరుగుదల చూడుడు. రెండంచులు అరిగి నడుము మిగిలినచో తక్కువ గాలితో నడపినారు. నడుము అరిగినచో గాలి ఎక్కువైనది. లోపలి అంచు గాని, వెలుపలి అంచు గాని ఒక్కటే అరిగినచో చక్రముల అలైన్‌మెంటు తప్పినది, లేదా దానిని పట్టియుంచు భాగమేదో వంగినది, అరిగినది. అక్కడక్కడ గిన్నెలవలె గుంటలు పడినచో షాక్ అబ్సార్బరు బలహీనమైనదేమో యని అనుమానింపవలెను. ముందు రెండు టైర్లు క్రొత్తవై వెనుకవి పాతవైనచో, తీసివేసిన టైర్లు ఏ కథ చెప్పియుండెడివో అని ఆలోచింపుడు. స్టెప్నీని గూడ దింపించి చూడుడు. ఒక్కొక్కప్పుడు ఆ కథ అందు దొరకును.

ఇక స్టీరింగు. ఇంజను నడుచుచుండగా, చక్రములు తిన్నగా నుంచి, స్టీరింగును మెల్లగా ఇటునటు కదలింపుడు. ముందు చక్రము కదలుటకు పూర్వము స్టీరింగు వట్టిగా తిరుగు దూరము ఒకటి రెండు వ్రేళ్ల వెడల్పును మించరాదు. మించినచో ఒకరు అట్లే కదలించుచుండగా మరియొకరు ప్రక్కనుండి వంగి టై రాడ్డు చివరలను చూడవలెను. రాడ్డు కదలి చక్రము కదలనిచో లూజు అక్కడనే యున్నది. ఆ కీళ్లపై రబ్బరు తొడుగులు ఉండును. మన సీమలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే. తక్కిన కాలమంతయు దుమ్ము. తొడుగు చిరిగినచో ఆ దుమ్ము గ్రీజులో కలిసి కీలును తిరుగలివలె అరుగదీయును. సున్నపురాతి లారీలు తిరుగు దారులలో నడచిన బండి యైనచో ఈ తొడుగులను రెండుమారులు చూడుడు.

ఇప్పుడు చెప్పునది ఈ ప్రసంగమంతటిలో ముఖ్యమైన పరీక్ష. హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందు వెనుకల రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో ఒక ముందు చక్రమును నేలనుండి లేపుడు. చక్రమును రెండు ప్రక్కల పట్టి ఊపినపుడు లూజు కనబడినచో టై రాడ్డునో, స్టీరింగు పెట్టెనో అనుమానింపవలెను. పైన ఒక చేయి, క్రింద ఒక చేయి వేసి ఊపినపుడు లూజు కనబడినచో రెండు కారణములుండవచ్చును: చక్రపు బేరింగు, లేక బాల్ జాయింటు. రెండింటిని వేరుచేయుట సులభము. లోపల ఒకరిని కూర్చుండబెట్టి బ్రేకు త్రొక్కి పట్టుమనుడు, మరల ఊపుడు. లూజు మాయమైనచో దోషము బేరింగుది. అట్లే నిలిచినచో బాల్ జాయింటుది. బాల్ జాయింటు ఊడినచో చక్రము ప్రక్కకు వాలిపోవును. అట్టి బండిని మరమ్మతు కాకుండ ఊరికి తోలుకొని రాకుడు.

ఒక హెచ్చరిక. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి క్రింద ఎవ్వరును దూరరాదు. మన ప్రాంతమున బండలకు కొదువ లేదు గనుక నాలుగు బండలు పేర్చి వాటిపై బండిని నిలుపువారు కలరు. ఇంటి నేలపై పరచినపుడు ఏండ్లతరబడి నిలుచు బండయే, ఒకచోట భారము పడినపుడు ముందు చెప్పకుండ పగులును. క్రింద మనిషి యున్నచో ఆ ఇంటికి దీపము ఆరినట్లే.

బ్రేకులను రోడ్డెక్కుటకు ముందే పరీక్షింపవలెను. ఇంజను ఆపి పెడలును నాలుగైదుమార్లు త్రొక్కుడు, అది గట్టిపడును. అట్లే త్రొక్కిపట్టి ఇంజను స్టార్టు చేసినపుడు పెడలు కొంచెము క్రిందికి దిగవలెను. దిగనిచో కాలికి బలమిచ్చు బూస్టరుకు గాని, దాని గొట్టమునకు గాని దోషము కలదు. పిదప ఒకే బలముతో అర నిమిషము త్రొక్కి పట్టుడు. పెడలు మెల్లమెల్లగా నేలవైపు దిగుచున్నచో ఎక్కడనో బ్రేకు ఆయిలు కారుచున్నది, లేక మాస్టరు సిలిండరు లోపల అరిగినది. చక్రముల లోపలి వైపు తడి చూడుడు. పెడలు మెత్తగా నుండి, పదేపదే కొట్టిన మీదట గట్టిపడినచో గొట్టములలో గాలి చేరియుండును.

బ్రేకు ఆయిలు డబ్బాలో రెండు గీతల నడుమ ఉండవలెను. మట్టము తగ్గినచో ఆయిలు కారుచుండవచ్చును, లేక ప్యాడ్లు అరిగియుండవచ్చును. పైన పోసి నింపుట దోషమును కప్పిపుచ్చుటయే. ఆయిలు నల్లబడినచో చిరకాలము మార్చలేదని తెలియును. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరినది ఘాటు రోడ్డు దిగునపుడు వేడికి మరిగి ఆవిరి బుడగలు కట్టగా, పెడలు వట్టిపోవును. దీనికి మారుగా ఇంజను ఆయిలు పోయుట ప్రాణాంతకము. లోపలి రబ్బర్లు ఉబ్బి పాడగును.

తరువాత ఖాళీ మైదానమున, నడకకంటె కొంచెము మించిన వేగముతో బ్రేకు వేసి చూడుడు. అది నిలిచినదన్న నమ్మకము కలిగిన మీదటనే రోడ్డు. బ్రేకు వేసినపుడు బండి కుడికి లాగినచో కుడి బ్రేకు చెడినదని చాలమంది తలంతురు. తరచు దోషము ఎడమ ప్రక్కనుండును. ఎడమ బ్రేకు పట్టనందున కుడిదే పనిచేసి బండిని తనవైపు లాగుచున్నది. బ్రేకు వేయకున్నను కుడికి లాగుచు, కొంతదూరము పోయి దిగి చూడగా కుడి చక్రము మిక్కిలి వేడిగా నున్నచో, అపుడు కుడి బ్రేకు విడువక పట్టుకొనియున్నదని నిశ్చయింపవచ్చును. చేతిని దగ్గరకు పోనిచ్చి వేడి గ్రహింపుడు, ముట్టుకొనకుడు. మరియొక సంగతి: మన రోడ్లు నీరు జారుటకై అంచులకు వాలి యుండును గనుక బండి కొంచెము ఎడమకు పోవుట సహజము. సమతలముగా నున్న చోట చూచిన పిదపనే తీర్పు చెప్పుడు.

బ్రేకు త్రొక్కినపుడు మాత్రమే స్టీరింగు వణకి, పెడలు కాలిని కొట్టినచో డిస్కు సమముగా లేదు. బ్రేకుతో నిమిత్తము లేక వేగము పెరిగినపుడు స్టీరింగు వణకినచో చక్రముల బ్యాలెన్సింగు చూపుడు. అది చిన్న ఖర్చు. ఏ.బి.యస్. ఉన్న బండిలో అకస్మాత్తుగా గట్టిగా త్రొక్కినపుడు పెడలు దడదడలాడుట దోషము కాదు.

మోయు భాగములకు వత్తము. బండి మూలను బలముగా నొక్కి వదలుడు. ఒకమారు లేచి కుదురుకొనవలెను. ఊయలవలె ఊగినచో షాక్ అబ్సార్బరు పనికిరాదు. ఐతే ఊగనంత మాత్రమున మంచిదని చెప్పుటకు వీలులేదు. దానిపై ఆయిలు జారిన తడి, తడిపై దుమ్ము పేరుకొని యున్నదేమో చూడవలెను. సమతలమున నిలిపి చక్రపు నడుమనుండి పైయంచు వరకు ఇరువైపుల కొలువుడు. ఒక ప్రక్క తగ్గినచో స్ప్రింగు కుంగినది, లేక విరిగినది. జీపు వంటి బండ్లలో కమాను పట్టీలను ఒక్కొక్కటిగా చూడుడు. ఐదుగురు కూర్చుండు బండిలో పదిమందిని ఎక్కించిన ఫలము అచట స్పష్టముగా కనబడును.

చిన్న గుంతలలో మెల్లగా పోవునపుడు టకటక శబ్దము వచ్చినచో బుష్షులు, లింకులు అరిగినవి. స్టీరింగును పూర్తిగా త్రిప్పి కదలునపుడు వరుసగా టిక్కుటిక్కుమనినచో అది ఇరుసు కీలు. స్ప్రింగులకు సంబంధము లేదు. వేగముతో పెరుగు హోరు, కొంచెము ఎడమకు త్రిప్పినపుడు హెచ్చినచో, సాధారణముగా కుడి బేరింగుది.

ఈ సందర్భమున మీ చేతిలోని పని ఒకటి చెప్పెదను. వీధులలో సిమెంటు దిమ్మెలవలె వేసిన స్పీడు బ్రేకరులు ఈ భాగములను విరుగగొట్టుటలో గుంతలకు తీసిపోవు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన కొలత 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. మీ గ్రామములోని దానిని ఒకమారు టేపుతో కొలువుడు.

2015లో చెన్నైలో, 2024లో విజయవాడలో వరదలకు వేలాది బండ్లు మునిగినవి. చవుకగా వచ్చినదని తొందరపడక, సీట్ల క్రింది ఇనుప పట్టాల తుప్పును, చాప క్రింది బురదను చూడుడు. నీరు చొచ్చిన బేరింగులు, బ్రేకులు కొన్ని నెలల పిదపనే తమ దోషము చూపును.

కాగితముల మాట క్లుప్తముగా చెప్పెదను. ప్రైవేటు కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిదప పరీక్షించి ఐదేసి సంవత్సరములకు పొడిగింతురు. అప్పు తీరినదను పత్రము లేనిదే సొమ్ము ఇయ్యరాదు. అమ్మకము సంగతిని అమ్మినవారు రవాణాశాఖకు 14 దినములలో తెలుపవలెను. కొనినవారు 30 దినములలో తమ పేరునకు మార్పించుకొనవలెను.

బండి ఊరు చేరిన మొదటి వారములో బ్రేకు ఆయిలు మార్పించుడు. స్టీరింగు భాగమేదైన మార్చినచో అలైన్‌మెంటు తప్పక చేయింపుడు. నెల గడచిన పిదప టైర్ల అంచులను మరల ఒకమారు చేతితో తడిమి చూడుడు.