నీళ్ళడగని పూలచెట్టు



తాగే నీళ్ళకే బిందెలు మోస్తుంటే పూలమొక్కలకు నీళ్ళెక్కడివి అంటారా? గన్నేరు వేసుకోండి. మధ్యధరా సముద్రతీర దేశాల్లో, వేసవికి ఎండిపోయే వాగుల వెంట అది తనంతట తానే పెరిగి పూస్తుంది. మన పెరళ్ళలోనూ పూజపువ్వుగా ఏనాటినుంచో ఉన్నదే. ఆకు అడుగున సన్నని గుంటలుంటాయి. ఆకు గాలి పీల్చే రంధ్రాలు వాటిలో దాగి ఉంటాయి గనుక తేమ త్వరగా ఆరిపోదు.

తొలకరిలో జానెడు కొమ్మ నాటండి. ఎండ బాగా తగలాలి, మొదట్లో నీరు నిలవకూడదు. వేరు నిలదొక్కుకునేదాకా నీళ్ళు పోస్తే చాలు. పూలు కొత్త రెమ్మల కొసల్లో పూస్తాయి కాబట్టి, పూత తగ్గగానే కొమ్మలు కత్తిరించాలి. చిగుళ్ళకు పచ్చని పేనుబంక పడితే సబ్బునీళ్ళు చల్లండి.

అసలు జాగ్రత్త కత్తిరించాకనే. వేరు మొదలు పువ్వు దాకా గన్నేరు విషం, గుండెను దెబ్బతీస్తుంది. పచ్చి ఆకును పశువులు సాధారణంగా ముట్టవు. అదే ఎండి గడ్డిలో కలిస్తే తినేస్తాయి. ఎండినా విషం పోదు. అందుకని ఆ కొమ్మలు దొడ్లో వదలకండి, పొయ్యిలో పెట్టకండి. గోతిలో పూడ్చి చేతులు కడుక్కోండి. పసిబిడ్డ ఆకు నమిలితే ఇంటివైద్యాలతో పొద్దు పుచ్చక వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి, ఆ ఆకు కూడా వెంట ఉంచుకోండి.

పాకే బిడ్డ ఉన్న ఇంట్లో రెండుమూడేళ్ళు ఆగి వేసుకున్నా నష్టం లేదు. సెలవు.