పిల్లల నోట హమ్ద్, నాత్‌లు నిలవాలంటే

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ముందు మాట్లాడిన వారు స్కాలర్‌షిప్పుల సంగతి, ఖబ్రస్తాన్ ప్రహరీ గోడ సంగతి చెప్పారు. అవి పెద్ద విషయాలు. మాకు అప్పగించింది చిన్న విషయం. పిల్లలకు హమ్ద్‌లు, నాత్‌లు, సలాములు యెట్లా నేర్పాలి, నేర్పినవి మరచిపోకుండా యెట్లా చూడాలి అన్నది. చిన్నదే గాని, గోడ కట్టడం కన్నా తేలిక కాదని మా అభిప్రాయం. గోడను వొకసారి కడితే చాలు.

ముందు మన అలవాటు సంగతి చెప్పుకుందాం. రబీవుల్ అవ్వల్ నెల రాగానే మనకు పిల్లలు గుర్తుకొస్తారు. మీలాద్ జలసాకు పది పన్నెండు రోజులుందనగా వొక నాత్ చేతికిస్తాం. ఇంట్లో అమ్మీ, మక్తబ్‌లో మౌల్వీ సాబ్, వీధిలో చిన్నాయన, అందరూ కలిసి వాడి ప్రాణం తీస్తారు. వాడు టోపీ పెట్టుకొని మైకు ముందు నిలబడి గడగడా చదివేస్తాడు. సుభానల్లా అంటాం. స్టీలు టిఫిన్ డబ్బా బహుమతిగా ఇస్తాం. రంజాన్ నాటికి వాణ్ణి పిలిచి, "ఏదిరా, ఆ నాత్ చదువు" అంటే మొదటి షేరు దాటదు. డబ్బా మాత్రం ఇంట్లో వుంటుంది. తప్పు పిల్లవాడిది కాదు. మనం పాటను జలసా కోసం నేర్పాం, వాడు జలసా దాకా మోసి దించేశాడు. కూలీ పని అట్లాగే వుంటుంది గదా!

మన దాదీలు, నానీలు యీ పని యెట్లా చేసేవారో చూడండి. దక్కను దేశంలో సూఫీ పెద్దలు ఆడవాళ్ల కోసమని దక్కనీ భాషలో చక్కీనామాలు, చర్ఖానామాలు, లోరీనామాలు రాశారు. చక్కీనామా అంటే ఇసుర్రాయి తిప్పుతూ పాడుకునే పాట. చర్ఖానామా రాట్నం దగ్గరిది. లోరీనామా ఊయల దగ్గరిది. రిచర్డ్ ఈటన్ అనే అమెరికా చరిత్రకారుడు బీజాపూర్ సూఫీల మీద రాసిన పుస్తకం 1978లో అచ్చయింది. అందులో వీటి గురించి వివరంగా వుంది. ఇసుర్రాయి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చి, అక్కడి నుంచి అల్లా పేరుకు తీసుకుపోతారు ఆ పాటల్లో. పెద్ద పెద్ద కితాబుల్లోని మాటను పిండి దగ్గరికి దించారన్న మాట. నల్లగొండ సీమ కూడా గోల్కొండ రాజ్యంలోదే గనక యీ దక్కనీ మనకు పరాయిది కాదు, మన వంటింటి భాష.

వాళ్లెవరూ పిల్లలను కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. రాయి తిరిగినప్పుడల్లా పాట తిరిగింది. పక్కన ఆడుకునే పిల్ల విన్నది. ఆరేడేళ్లు వచ్చేసరికి దాని నోటికి వచ్చేసింది. అర్థం కూడా పనితోటే వచ్చింది. పాట వొక పనికి తగిలించి వుంది, ఆ పని రోజూ వుంది. యింత మంచి పద్ధతి యిప్పటి బి.ఎడ్. పుస్తకాల్లోనైనా వుందా అని మాకు అనుమానమే.

యిప్పుడు ఆ ఇసుర్రాయి యేది? 1967లో సాగర్ కాలువల్లో నీళ్లు వచ్చాయి. హాలియా చుట్టుపక్కల జొన్న తగ్గి వరి పెరిగింది. గిర్నీలు వచ్చాయి, తర్వాత మిక్సీలు వచ్చాయి. రాయి గోడకు ఆనించి వుంది, కోళ్లు యెక్కి కూర్చుంటున్నాయి. ఆడవాళ్లకు రెక్కల కష్టం తప్పింది, అల్‌హమ్దులిల్లా. మళ్లీ రాయి తిప్పమని యెవరూ అనరు. కాని రాయితో పాటు పాట తగిలించుకునే కొయ్య కూడా పోయింది. యీ కాలం పిల్లలకు మళ్లీ కొయ్యలు వెతికిపెట్టడమే మన పని.

అవి లేకపోలేదు. స్కూలు ఆటో కోసం నిలబడే పది నిమిషాలున్నాయి. మక్తబ్ వూడ్చి చాపలు పరిచే వేళ వుంది. తల దువ్వించుకునేటప్పుడు ఆడపిల్ల యెటూ కదలలేదు. రాత్రి చిన్నదాన్ని నిద్రపుచ్చే వేళ వుంది. చాపలు పరిచేటప్పుడు ఫలానా హమ్ద్ అని వొక్కటే పెట్టుకోండి. నెల రోజులు అదే పాడండి, మార్చకండి. నెల తర్వాత పిల్లలకు చాప కనబడితే పాట నోటికి వస్తుంది.

యిక భాష సంగతి. యిది కొంచెం కష్టమైనది, దాచుకోవడం యెందుకు? మన పిల్లలు ఇంట్లో దక్కనీ మాట్లాడతారు, బడిలో తెలుగో, ఇంగ్లీషో చదువుతారు. ఉర్దూ అక్షరాలు కూడబలుక్కొని చదివేవారు కొందరే. 2017లో ఉర్దూ తెలంగాణకంతటికీ రెండో అధికార భాష అయింది, సంతోషం. బోర్డుల మీద ఆ అక్షరాలు వచ్చాయి, పిల్లల కళ్లకు మాత్రం రాలేదు. అందుకని నాత్‌ను తెలుగు లిపిలో రాసుకొని బట్టీ పడుతున్నారు. కొందరు పెద్దలకు యిది కోపం. "తెలుగులో రాసిన నాత్ యేం నాత్?" అంటారు. మేము అట్లా అనం. చేతిలో వున్న లిపితో మొదలుపెట్టనివ్వండి. కాని వొక చిక్కుంది, అది అందరికీ తెలియాలి.

జీమ్ అక్షరంతో జలీల్ అంటే ఘనుడు, మహిమ గలవాడు. జాల్ అక్షరంతో వచ్చే జలీల్ అంటే నీచుడు. తెలుగులో రెండూ వొకటే రాత! పొగడబోయి తిట్టినట్టవుతుంది. అట్లాగే అరబీలో గొంతు లోపలి నుంచి పలికే ఖాఫ్‌తో ఖల్బ్ అంటే హృదయం. మామూలు కాఫ్‌తో కల్బ్ అంటే కుక్క. మన దక్కనీ నాలుక ఖాఫ్‌ను ఖే చేసి పలుకుతుంది గనక పిల్లలకు యీ తేడా చెవిన పడడమే తక్కువ. కనుక తెలుగులో రాసేటప్పుడు పళ్ల మధ్య గాలితో పలికే 'జ' కింద ఎర్ర సిరాతో చుక్క పెట్టించండి, గొంతు 'ఖ' కింద గీత గీయించండి. పిల్లలకు యిది వొక ఆట. "ఆపా, నాకు యేడు చుక్కలు వచ్చినయ్" అని లెక్క చెబుతారు. ఆ చుక్కల మీద అనుమానం వచ్చినవాడే రేపు అసలు అక్షరం చూపించమని అడుగుతాడు. ఉర్దూ ఖాయిదా అప్పుడు తీయండి.

అర్థం చెప్పకుండా రాగం యెత్తకండి. ముందు కథగా చెప్పండి, తెలుగులోనైనా సరే, దక్కనీలోనైనా సరే. ఇక్బాల్ 'బచ్చే కీ దుఆ'నే తీసుకోండి. వొక ఆంగ్ల గీతం ఛాయలో రాసిన యీ దుఆ 1924లో వచ్చిన 'బాంగె దరా' పుస్తకంలో వుంది. యెన్నో ఉర్దూ బడుల్లో పొద్దున్నే పాడించిన పాట అది. పిల్లవాడే మాట్లాడతాడు అందులో. తాను దీపంలా వుండాలని, బీదవాళ్లకు అండగా నిలవాలని కోరుకుంటాడు. యిది చెప్పి, "మన గల్లీలో నీ అండ కావలసిన వాళ్లెవరురా?" అని అడగండి. వాడు యెవరో కళ్లు కనబడని తాత పేరు చెబుతాడు. ఆ షేరు యిక వాడిది. అర్థం తెలియకుండా పాడినవాడు దుఆ అడగడం లేదు, శబ్దం చేస్తున్నాడంతే.

నేర్పే పద్ధతుల్లో మాకు బాగా పనికివచ్చినవి రెండు మూడు చెబుతాం. చాలా నాత్‌లు గజల్ వరుసలో వుంటాయి. ప్రతి షేరు చివర వచ్చిన మాటే మళ్లీ వస్తుంది, దానిని రదీఫ్ అంటారు. దానికి ముందు వచ్చే ప్రాస కాఫియా. రదీఫ్‌ను నాలుగేళ్ల వాడికి అప్పగించండి. పెద్దపిల్ల షేరు యెత్తుకుంటుంది, చివరి మాట చిన్నవాళ్లందరూ కలిసి అందుకుంటారు. మొదటి రోజు నుంచే ఆ చిన్నవాడు పాటలో వున్నాడు. కాఫియాలను మాత్రం నల్లబల్ల మీద వరుసగా రాసి, వాటిని చూసి షేరు చెప్పమనండి. రోజుకొక కాఫియా తుడిచేయండి. బల్ల ఖాళీ అయ్యేసరికి పాట లోపలికి పోతుంది.

మరొకటి, చివరి షేరుతో మొదలుపెట్టి నేర్పడం. మామూలుగా పిల్లలకు మొదలు గట్టిగా వస్తుంది, పోనుపోను సన్నబడుతుంది. చివర నుంచి నేర్పితే తెలియని చోటు నుంచి తెలిసిన చోటికి వస్తారు గనక ధైర్యం పెరుగుతుంది. పెద్దపిల్లలకు బైత్‌బాజీ వుండనే వుంది. వొకరి షేరు ఏ అక్షరంతో ముగిస్తే రెండోవారు ఆ అక్షరంతో మొదలయ్యేది చెప్పాలి. మన అంత్యాక్షరి వంటిదే. హమ్ద్, నాత్ షేర్లతోనే ఆడాలని నియమం పెట్టండి. ఆదివారం మధ్యాహ్నం రెండు జట్లు కూర్చుంటే సాయంత్రం దాకా లేవరు. ఆఖరి అక్షరం తెలియాలంటే ఉర్దూ లిపి తెలియాలి, ఆ సంగతి వాళ్లే కనిపెడతారు.

తిరిగి వల్లె వేయించడం గురించి మనం కొత్తగా కనిపెట్టవలసింది లేదు. హిఫ్జ్ చేసే పిల్లలను చూడండి. సబఖ్, సబ్‌ఖీ, మంజిల్ అని మూడు భాగాలు. ఆ రోజు కొత్త పాఠం, యీ మధ్య చదివింది, చాలా రోజుల కిందటిది, మూడూ రోజూ అప్పజెప్పాలి. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే పండితుడు మరపు యెట్లా జరుగుతుందో తన మీద తానే పరీక్ష చేసుకొని 1885లో ప్రకటించాడు. నేర్చిన తొలి గంటల్లో, తొలి రోజుల్లోనే యెక్కువ జారిపోతుందని తేలింది. మన ఉస్తాదులు ఆయన పేరు వినకుండానే తెల్లారి నిన్నటి పాఠం అడిగేవారు. పాటలకూ యీ వరుసే పెట్టండి. కొత్త షేరు వొక్కటి, యీ వారం పాట వొకసారి, పాత పాటల డబ్బాలోంచి వొక చిట్టీ. చిట్టీ తీసే వంతు యెవరిదని కొట్లాడుకుంటారు, కొట్లాడుకోనివ్వండి. అయితే, ఖుర్ఆన్ పాట కాదు. దాని చదువుకు దాని తజ్వీద్, దాని అదబ్ వేరు. పద్ధతి అరువు తెచ్చుకున్నాం గాని రెండింటినీ కలపరాదు.

దీన్ విషయంలో ఆటలేమిటని అడిగేవారున్నారు. పండుగ రోజున హజ్రత్ ఆయిషా ఇంట్లో యిద్దరు ఆడపిల్లలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ కోప్పడ్డారు. పండుగ గదా, వారిని వుండనివ్వమన్నారు ప్రవక్త (స). యీ మాట బుఖారీలో వుంది. హస్సాన్ బిన్ సాబిత్ కవిత చెప్పడానికి మస్జిదులో మింబరు వేయించారన్నదీ హదీసుల్లోనిదే. వాద్యాల విషయంలో ఉలమాల మధ్య భేదాలున్నాయి, ఆ జోలికి మేము పోము. మన పిల్లలకు చప్పట్లు కూడా అక్కరలేదు, గొంతు చాలు. సినిమా వరుసలు మాత్రం వద్దని గట్టిగా చెబుతాం. ఆ వరుసలో నాత్ నేర్చుకున్నవాడికి పాడినప్పుడల్లా హీరోయే గుర్తుకొస్తాడు.

సెల్‌ఫోను సంగతి యెత్తకపోతే మీరు వూరుకోరు. దానిలో మంచి గొంతులు వినవచ్చు, కాదనం. కాని అది పిల్లవాడి తప్పు వినదు, ఆగదు. పైగా వాడు మాటను వదిలి, ఆ పాడినాయన గొంతులోని ప్రతిధ్వనిని అనుకరిస్తున్నాడు! దానితో అంతకన్నా మంచి పని వొకటుంది. దాదీ పక్కన కూర్చోబెట్టి ఆమె గొంతును రికార్డు చేయించండి. లోరీలు, ఛట్టీ నాటి పాటలు, పెళ్లిలో పాడే దుఆలు, యెవరూ అచ్చువేయనివి, ఆమె దగ్గరే వున్నాయి. ఆమె పోతే అడగడానికి మనిషి లేదు.

తెలుగులో పాడవచ్చునా అని యువకులు అడిగారు. ఎందుకు పాడకూడదు? పిఠాపురం ఉమర్ అలీషా (1885–1945) సూఫీ గురువై వుండి తెలుగు పద్యం రాశారు. మన పల్లెల్లో పీర్ల పండుగకు అలాయి గుండం చుట్టూ హసన్, హుసేన్ల పాటలు తెలుగులోనే వినబడతాయి, పాడేవారిలో ముస్లిములు కానివారే యెక్కువ. ఆ పండుగ మీద మనలో వాదాలున్నాయి, అవి వేరే సభకు. వొకరు యెత్తుకోవడం, చుట్టూ తిరిగేవారు అందుకోవడం, తండ్రి భుజం మీది పిల్లవాడు కూడా అందుకోవడం, యిది మాత్రం చూడదగినది. అక్కడ మరచిపోయినవాడు సిగ్గుపడడు, పక్కవాడు అందుకుంటాడు.

మన జలసాలో సిగ్గుపడతాడు. రెండో షేరు దగ్గర ఆగిపోయి, వెనక నుంచి నవ్వు వినబడి, దిగిపోయిన పిల్ల మళ్లీ నోరు విప్పదు. వొకరికి మొదటి బహుమతి, ఇరవై మందికి చిన్నతనం, యిదేం లెక్క? వచ్చే మీలాద్‌కు పోటీ తీసివేసి, జట్లుగా పాడించాలని, బహుమతి అందరికీ వొకటే ఇవ్వాలని కార్యవర్గాన్ని కోరుతున్నాం. డబ్బాల ఖర్చు పెరుగుతుందని కోశాధికారిగారు మా వైపు చూస్తున్నారు. పెన్సిళ్లు ఇచ్చినా చాలు సార్.

వచ్చే శుక్రవారం అసర్ తర్వాత మక్తబ్‌లో మొదటి కూర్పు. పిల్లలకు వొక నోటుపుస్తకం, వొక ఎర్ర పెన్ను ఇచ్చి పంపండి. దాదీలు, నానీలు కూడా రావాలి, పాడవలసింది వాళ్లే. మోకాళ్ల నొప్పులవారికి కుర్చీలు వేయిస్తాం.