రాయి పెట్టకముందు

(ఖాజాగూడలో మా అమ్మమ్మ ప్రథమ వర్ధంతి నాడు జరిగిన జ్ఞాపకార్థ కూడికలో చేసిన ప్రసంగము. శతవార్షికోత్సవ సంచికకు ఇమ్మని సంఘ పెద్దలు కోరినందున ఆనాడు పలికినది పలికినట్లే ఇచ్చుచున్నాము.)



మా అమ్మమ్మ ప్రభువునందు నిద్రించి నేటికి ఒక సంవత్సరము. దుఃఖములోనున్న కుటుంబములను ఆదరించుటకు సంఘకాపరిగా మేము అనేక పర్యాయములు ఇట్టి కూడికలలో నిలువబడితిమి. నేడు మా స్వంత కుటుంబమే ముందు వరుసలో కూర్చుండగా మాటలాడుట సులభముగా లేదు. అయినను ఆమెనుగూర్చి ఉన్నది ఉన్నట్లు చెప్పుట మా విధియని యెంచి మాటలాడుచున్నాము.

అమ్మమ్మ 1938 ప్రాంతమున మెదకుకు దగ్గరనున్న ఒక పల్లెలో జన్మించినది. ఆమె తల్లి చిన్నపిల్లగా నుండగా మెదకు దేవాలయ నిర్మాణము జరుగుచుండెను. కరువు దినములలో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించి, కూలి యిచ్చి ఆ దేవాలయమును కట్టించిరని మనమందరము ఎరుగుదుము. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. 175 అడుగుల ఆ గోపురమును చూచుటకు దూరదేశములనుండియు జనులు వచ్చుచున్నారు. అమ్మమ్మ మాత్రము దానిని చూచినప్పుడెల్ల, “అండ్ల మా అమ్మ మోసిన తట్ట గూడ ఉన్నది బిడ్డా” అనెడిది. ఆమె విశ్వాసమునకు మొదటి పాఠము అదియే. ఆకలి తీర్చిన చేతినుండియే ఆమె ఇంటివారు సువార్తను అందుకొనిరి.

పెండ్లియైన తరువాత ఆమె ఈ ఖాజాగూడకు వచ్చినది. అప్పుడు ఇక్కడ చెరువు, చెరువు క్రింద వరిమడులు, చుట్టును పెద్ద పెద్ద గుండ్లు. ఈ రాళ్ళు దాదాపు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అమ్మమ్మకు అవి దారి గుర్తులు. ఫలానా గుండు ప్రక్కన నాట్లు వేసితిమి, ఫలానా గుండు నీడను మీ అమ్మను పండబెట్టితిని అని చెప్పెడిది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు ఈ ప్రాంతమంతయు మారిపోయెను. ఆమె చెప్పిన గుండ్లలో అనేకము పగిలి భవనముల పునాదులలోనికి పోయినవి. ఆమె బ్రతుకును చూపుటకు మాకు నేడు స్థలములు మిగులలేదు. మనుష్యులే మిగిలియున్నారు.

ఇక మా తప్పిదము చెప్పవలెను. భవనములు లేచుచున్న ఆ దినములలో అమ్మమ్మ కూలీల గుడిసెల దగ్గర బాట ప్రక్కన పొయ్యి పెట్టి జొన్న రొట్టెలు అమ్మెడిది. మేము అప్పుడు వేదాంత కళాశాలలో చదువుచుంటిమి. కాబోయే పాదిరిగారి అమ్మమ్మ బాట మీద రొట్టెలు కాల్చుట మాకు నామోషీగా తోచెను. సెలవులకు వచ్చినప్పుడు ఆ పని మానివేయుమని గట్టిగా చెప్పితిమి. ఆమె పెనము మీద రొట్టెను తిరుగవేయుచు, “కడుపు గాలినోనికి నువ్వు ప్రసంగం జెప్తే వింటడా బిడ్డా? ముందుగాల రొట్టె వెట్టు, తర్వాత జెప్పు” అన్నది. మేము గ్రీకు భాష నేర్చుకొనుచుంటిమి గాని ఆమె మాటకు జవాబు చెప్పలేకపోతిమి. క్షమాపణ అడుగుటకు మాకు పదునైదు సంవత్సరములకు పైగా సమయముండెను. అడుగలేదు. నేడు మీ యెదుట అడుగుచున్నాము.

భూస్థాపన దినమున మేమెరుగని స్త్రీలు ఏడెనిమిదిమంది వచ్చి సమాధుల తోట గేటు దగ్గర నిలిచిరి. పాలమూరు ప్రాంతమువారు కొందరు, ఒడిశా వారు కొందరు. వారి చేతులలో పాత బొంతలుండెను. రేకుల షెడ్లలో కాన్పులైనప్పుడు పసిబిడ్డలను చుట్టుటకు అమ్మమ్మ కుట్టి యిచ్చిన బొంతలవి. ఆమె మంచము క్రింద పాత చీరెల మూట ఎందుకున్నదో మాకు అప్పుడు తెలిసెను. ఒక బొంతలో మా అమ్మగారు తన పెండ్లి చీరె ముక్కను గుర్తుపట్టి అక్కడనే కూలబడిరి.

ప్రియులారా, యొప్పేలో దొర్కా అనబడిన తబితా చనిపోయినప్పుడు ఏమి జరిగినది? పేతురు మేడగదిలోనికి రాగా విధవరాండ్రు ఏడ్చుచు ఆమె తమకు కుట్టిన అంగీలను, వస్త్రములను చూపిరి. వారు ఆమెను పొగడుచు ఉపన్యసించినట్లు అక్కడ వ్రాయబడలేదు. చేతిలోనున్నది చూపిరి, అంతే. ఆ దినమున గేటు దగ్గర మేము చూచినది అదే. మేము సిద్ధపరచుకొన్న జీవిత చరిత్ర కాగితమును మడిచి జేబులో పెట్టుకొంటిమి.

ఒక మాట హెచ్చరికగా చెప్పుచున్నాము. మనలో జ్ఞాపకార్థ కూడికలు నానాటికి వేడుకలగుచున్నవి. సంవత్సరీకపు భోజనమునకు అప్పు, నున్నటి గ్రానైటు సమాధికి అప్పు, నాలుగు రోడ్ల కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీలు. బ్రతికియుండగా మందుల చీటికి వెనుకాడినవారు చనిపోయిన తరువాత పూలకు వెనుకాడుట లేదు. సమాధుల పండుగనాడు సున్నము వేయుట, పూలుంచుట, కొవ్వొత్తులు వెలిగించుట మంచిదే. అది పునరుత్థాన నిరీక్షణకు గురుతు. గాని చనిపోయినవారు మన యొద్ద కోరినదేదో అది చేయకుండ సమాధిని అలంకరించుట జ్ఞాపకము కాదు, మరపును కప్పుకొనుట.

అమ్మమ్మ మా యొద్ద కోరినది ఒకటున్నది. దానిని చెప్పుటకు మా అమ్మగారును మా మేనమామగారును అనుమతించిరి. చెరువు క్రింద అమ్మమ్మవారికి అర ఎకరము పొలముండెను. ధరలు పెరిగిన దినములలో అది అమ్ముడుపోయెను. ఆ డబ్బు విషయమై అక్కకు తమ్మునికి మాట పట్టింపు వచ్చెను. పండుగలకు రాకపోకలు నిలిచెను. ఒకే దేవాలయములో చెరొక వైపున కూర్చుండి, ఒకే పాత్రలోని ప్రభు సంస్కారము తీసుకొనిరి. సంస్కారము ఇచ్చినది మేమే గనుక ఆ దోషములో మాకును పాలున్నది. అమ్మమ్మ ఆసుపత్రికి పోవుటకు ముందు ఇద్దరిని పిలిపించి, “నా బొంద మీద రాయి వెట్టకముందు మీ ఇద్దరి నడుమ ఉన్న రాయి తియ్యిండ్రి” అన్నది. మరి ఆమె ఇంటికి తిరిగి రాలేదు.

శారా చనిపోయినప్పుడు అబ్రాహాము మక్పేలా గుహను 400 తులముల వెండికి కొనెను. దేవుడు దేశమంతయు వాగ్దానము చేసియుండగా అతడు వెల చెల్లించి కొన్నది భార్య సమాధి స్థలము. ఆ శారా మాట మీదనే హాగరును ఇష్మాయేలును ఇల్లు విడిచి పోయిరి. సంవత్సరములు గడిచి అబ్రాహాము మరణింపగా ఇస్సాకును ఇష్మాయేలును కలిసి వచ్చి తండ్రిని అదే గుహలో పాతిపెట్టిరి. ఎవరు ముందు కబురు పంపిరో, ఎవరు ముందు మాటలాడిరో గ్రంథము చెప్పదు. ఇద్దరును వచ్చిరని మాత్రము చెప్పుచున్నది.

అందుచేతనే ఈ సంవత్సరమంతయు అమ్మమ్మ సమాధి మీద రాయి లేదు. మట్టికుప్ప మాత్రమే యున్నది. పాదిరిగారికి అమ్మమ్మ సమాధి కట్టించుటకు స్తోమత లేదా అని కొందరనుకొనిరి. స్తోమత లేక కాదు, ఆమె మాట తీరలేదు. గత వారము మా మేనమామగారు మా అమ్మగారి ఇంటి గడప మీదికి వచ్చి కూర్చుండి టీ త్రాగిరి. చాలసేపు ఇద్దరును మాటలాడలేదు. పోవునప్పుడు, “అక్కా, పెద్దమనుషుల ముందు లెక్క జూసుకుందాం” అనిరి. లెక్క ఇంకను తేలలేదు. అంతయు సరియైనదని మీకు అబద్ధము చెప్పజాలము. గాని గడప దాటుట ఆరంభమైనది.

కనుక నేడును రాయి పెట్టుట లేదు. ఆ లెక్క తేలిన దినమున, అక్క ఒక ప్రక్కను తమ్ముడు ఒక ప్రక్కను పట్టి రాయి నిలుపుదురు. అంతవరకు మాకొరకు ప్రార్థించుడి. మీ ఇండ్లలోను ఇట్టి రాయి యేదైన ఉన్నయెడల, పెద్దవారు బ్రతికియుండగానే తీయుడి. క్షమాపణ అడుగవలసిన అమ్మమ్మగాని తాతగాని ఇంటిలోనున్నయెడల, ఈ సాయంకాలమే వారి మంచము ప్రక్కన కూర్చుండుడి.

కూడిక తరువాత భోజనము జొన్న రొట్టె, పప్పు. గేటు దగ్గర నిలిచిన ఆ సహోదరీలు నేడు లోపలికి వచ్చి మనతోకూడ కూర్చుండియున్నారు. మొదటి రొట్టె వారికి వడ్డించుదము.

ప్రభువు మనలనందరిని ఆదరించి సమాధానపరచును గాక. ఆమేన్.