డెబ్బది అయిదేండ్లు నిలిచిన సంఖ్య

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు పూర్తి చేసుకొన్న విద్యాలయంలో, అంతే కాలం సాటిలేక నిలిచిన ఒక సంఖ్యను స్మరించడం సముచితం. 127 రెండులను వరుసగా హెచ్చించి, లబ్ధం నుండి ఒకటి తీసివేస్తే 39 అంకెల సంఖ్య వస్తుంది: 170141183460469231731687303715884105727. ఒకటి, తాను తప్ప వేరు కారణాంకాలు లేని ప్రధాన సంఖ్య ఇది. ఫ్రెంచి గణితవేత్త లూకా 1876లో ఈ సంగతి నిరూపించాడు. 1951 వరకు లోకానికి తెలిసిన ప్రధాన సంఖ్యలలో ఇదే పెద్దది.

ఇట్టి సంఖ్యలకు మెర్సెన్ పేరు వచ్చింది. ఆ ఫ్రెంచి సన్యాసి 1644లో, 257 వరకు ఏయే ఘాతాలకు ప్రధాన సంఖ్యలు వస్తాయో ఒక పట్టిక ప్రకటించాడు. అందులో 67, 127, 257 ఉన్నాయి. పెద్దవాని మాట గనుక అది రెండు శతాబ్దాలకు పైగా చెలామణి అయింది. లూకా పరీక్షించి చూచాడు. 127 నిలిచింది, 67 నిలువలేదు. ఆ సంఖ్యకు కారణాంకాలున్నవని తేలినా అవి ఏవో ఆయనకు దొరకలేదు. 1903లో అమెరికా గణితవేత్త కోల్ వానిని చూపాడు: 193707721, 761838257287. 257 కూడా పొరపాటేనని తరువాత తేలింది. ఉండవలసిన 61, 89, 107 పట్టికలో లేనే లేవు.

లూకా ఒక్కొక్క సంఖ్యతో భాగించుకొంటూ కూర్చోలేదు. ఆయన పరీక్షను లెహ్మర్ తరువాత సులభతరం చేశాడు. దానిని చిన్న తరగతి విద్యార్థి సైతం చేయగలడు. 2 యొక్క 5వ ఘాతం నుండి ఒకటి తీసివేస్తే 31. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసివేస్తే 14. మరల అట్లే చేస్తే 194. దానిని 31తో భాగిస్తే శేషం 8. మరల చేస్తే 62, శేషం సున్న. ఘాతం కంటే రెండు తక్కువ మెట్లలో, అనగా మూడు మెట్లలో, సున్న వచ్చింది గనుక 31 ప్రధాన సంఖ్య. 127వ ఘాతానికి 125 మెట్లు. 2024లో ప్రకటించిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను నిర్ధారించినదీ ఈ పరీక్షయే.

1951లో ఆ పాత సంఖ్యను మించినవి వచ్చాయి. కేంబ్రిడ్జిలోని ఎడ్సాక్ కంప్యూటరు నిర్ధారించిన 79 అంకెల సంఖ్య వానిలో ఒకటి. పాత సంఖ్య వర్గాన్ని 180తో హెచ్చించి, ఒకటి కలిపితే వచ్చేదే అది. మించిపోయినది మూలాన్ని విడువలేదు. ఈ ప్రాంగణం దాటి ఎదిగిన పూర్వ విద్యార్థులకు ఈ ముచ్చట వివరించనక్కరలేదు.

బిడ్డ తెలుగులో చదివితే గణితంలో వెనుకబడునేమో అని తల్లిదండ్రులు శంకించడం సహజం. శేషం సున్న ఎందుకు వచ్చిందో ఇంటి మాటలో చెప్పగల బిడ్డ ఆ లెక్కను ఏ భాషలోనైనా చెప్పగలదు. జవాబు కంఠస్థం చేసిన బిడ్డకు మెర్సెన్ పట్టికలోని తప్పు కూడా ఒప్పుగానే తోస్తుంది. "ఎట్లా తెలిసింది?" అని అడిగే పిల్లను కసరక కూర్చుండబెట్టి, లెక్క చేయించి చూపడమే పాఠశాల పని. రానున్న ఏండ్లలోనూ ఆ పని ఇక్కడ నిలుచుగాక!