బిట్టులు - బైటులు: వేగపు లెక్క

ధాన్యమును తవ్వలతోను, కుంచములతోను కొలిచిన రోజులు పెద్దలకు జ్ఞప్తియందుండును. ఎనిమిది తవ్వలు ఒక కుంచము. ఎనిమిది తవ్వల బియ్యము కొన్నవాడు ఇంటికి పోయి కుంచముతో కొలిచి, "ఎనిమిదికి బదులు ఒకటియే వచ్చినది, మోసపోతిని" అని వగచినచో ఇరుగుపొరుగువారు నవ్వెదరు. అయినను ఇంటర్నెట్టు విషయమున నేడు పెక్కు గృహములలో ఇట్టి వగపే వినవచ్చుచున్నది. "సెకనుకు 100 మెగాబిట్ల వేగమునకు సొమ్ము చెల్లించితిమి, తెరపై 12 మెగాబైట్లకు మించి కనబడుట లేదు" అని గృహస్థుడు కలత చెందును. కాని ఈ రెండును వేర్వేరు కొలతలు.

సమాచారమునకు మిక్కిలి చిన్న ప్రమాణము బిట్టు. అది సున్న గాని, ఒకటి గాని అయి ఉండును. 1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ తన సుప్రసిద్ధ వ్యాసమున ఈ పదమును వాడి, దానిని సూచించినవాడు జాన్ టూకీ అని పేర్కొనెను. బైటు అను పదమును 1956లో ఐ.బి.ఎం. సంస్థయందలి వెర్నర్ బుఖ్‌హోల్జ్ కల్పించెను. కాలక్రమమున ఎనిమిది బిట్టులు ఒక బైటు అని స్థిరపడినది.

తీగపై పోవు సంకేతములను లెక్కించి వేగము చెప్పుట తంతివార్తల కాలము నాటి ఆచారము. అందుచేత ఇంటర్నెట్టు వేగమును బిట్టులలో చెప్పుదురు. నిలువచేసిన దస్త్రముల పరిమాణమును మాత్రము కంప్యూటరు బైటులలో చూపును. ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. విరివిగా వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు బైటులు వలయును. "తెలుగు" అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలవు. వెరసి 18 బైటులు, అనగా 144 బిట్టులు.

ఇక లెక్క సులభము. బిట్టులను 8చే భాగించిన బైటులు వచ్చును; బైటులను 8చే గుణించిన బిట్టులు వచ్చును. 100 మెగాబిట్లనగా పన్నెండున్నర మెగాబైట్లు. 700 మెగాబైట్ల చలనచిత్రము ఆ వేగమున 56 సెకనులలో దిగును. మన దేశమున 2004 నాటి విధానము బ్రాడ్‌బ్యాండుకు కనీస వేగమును 256 కిలోబిట్లుగా నిర్ణయించెను. ఆ వేగమున అదే చిత్రమునకు ఆరు గంటలు దాటును. 2023లో కనీస వేగమును 2 మెగాబిట్లకు పెంచిరి. ఆ వేగమున దాదాపు 47 నిమిషములు చాలును.

ఆంగ్లమున సంక్షేపముగా వ్రాయునపుడు చిన్న 'బి' బిట్టునకును, పెద్ద 'బి' బైటునకును గుర్తు. ప్రకటనలు చదువునపుడు ఆ అక్షరమును శ్రద్ధగా చూడవలెను.

మరియొక చిక్కు కలదు. వేగమును చెప్పునపుడు కిలో అనగా 1000. కొన్ని కంప్యూటరులు నిలువను లెక్కించునపుడు 1024ను కిలోగా గ్రహించును. ఈ గందరగోళమును తొలగించుటకు 1998లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము 1024కు "కిబి" అను వేరు పేరు పెట్టెను. మెగా దగ్గర ఈ భేదము నూటికి సుమారు అయిదు వంతులు మాత్రమే. అసలు భేదము ఎనిమిది రెట్లది.

ఉత్తరమునకు కవరు, చిరునామా ఉన్నట్లే పంపబడు ప్రతి సమాచారపు కట్టకు చిరునామా మున్నగునవి చేర్చబడును. వాటికి కొంత వేగము వ్యయమగును. ఒకే సమయమున ఇంటిలో నలుగురు వాడినచో ఉన్న వేగమును నలుగురును పంచుకొనవలసినదే. కావున 100 మెగాబిట్లకు పదకొండు మెగాబైట్లు కనబడినచో అది న్యాయమైన కొలతయే. ఇతర పరికరములను ఆపి, తీగతో నేరుగా కలిపి, వేర్వేరు వేళల పరీక్షించినను మూడు, నాలుగు మెగాబైట్లకు మించనిచో అది నిజమైన లోటు. అప్పుడు తేదీలతోను, అంకెలతోను ఫిర్యాదు వ్రాయుడు. ఎనిమిదిచే భాగించి చూడనివాడు లోటు లేనిచోట కలహించును, లోటున్నచోట ఋజువు చేయజాలడు.