భూమిలోని చల్లదనాన్ని గొట్టాలద్వారా వాడుకొనుట



రోహిణీకార్తెలో తోడిన బావినీళ్ళు చల్లగా ఉంటాయి. పుష్యమాసపు తెల్లవారుజామున అవే నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. ఇది మీకందరికీ అనుభవమే. నేల లోపలికి పోయినకొద్దీ ఎండా చలీ ప్రభావం తగ్గిపోతుంది. పదడుగుల లోతున ఏడాది పొడవునా వేడిమి ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. పైగాలిని ఆ లోతున పాతిన గొట్టంగుండా పంపితే వేసవిలో చల్లబడి, చలికాలంలో వెచ్చబడి వస్తుంది.

అహమదాబాదు ఐ.ఐ.ఎం.కు చెందిన గిరిజా శరణ్ గారి బృందం గుజరాత్‌లో దీనిని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించింది. 50 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వ్యాసముగల ఇనుప గొట్టాన్ని 3 మీటర్ల లోతున పాతి, 400 వాట్ల బ్లోయరుతో గాలి ఊదారు. మే నెలలో ఆ లోతున నేల వేడిమి 26.6 డిగ్రీలు. వేడిగాలి అవతలి కొసకు చేరేసరికి 14 డిగ్రీలవరకూ చల్లబడింది. జనవరి రాత్రులలో దాదాపు అంతే వెచ్చబడింది. ఖర్చయిన ఒక యూనిట్ కరెంటుకు సగటున 3.3 యూనిట్ల వేడిని తీసివేసింది.

మరి దీనితో వెయ్యి కోళ్ళ షెడ్డు చల్లబడుతుందా? లెక్క చూద్దాం. ఆ గొట్టంలో గాలివేగం సెకనుకు 11 మీటర్లు. అనగా గంటకు సుమారు 310 ఘనమీటర్ల గాలి. ఎదిగిన బ్రాయిలరు కోడికి వేసవిలో గంటకు సుమారు 10 ఘనమీటర్లు కావాలి. ఒక గొట్టం ముప్పై కోళ్ళకు సరి! గనుక పెద్ద షెడ్డుకు ఇదే చాలునని ఎవరైనా చెబితే నమ్మి అప్పు చేయకండి.

చిన్న గదులకు మాత్రం బాగా పనికివస్తుంది. గ్రుడ్లు నిలవచేసే గది, నారు పెంచే చిన్న గ్రీన్‌హౌసు, కోడిపిల్లల బ్రూడరు గది అటువంటివి. మొదటివారం పిల్లలకు 33 డిగ్రీలదాకా వెచ్చదనం కావాలి. గొట్టం అంత ఇవ్వదు. కాని ఆదిలాబాదు చలిగాలికి బదులు కాస్త వెచ్చని గాలి లోపలికి వస్తే బొగ్గు ఖర్చూ, పొగా ఆ మేరకు తగ్గుతాయి. పైగా ఫాగర్లవలె ఇది గాలిలో తేమను పెంచదు. కోస్తా ఉక్కపోతలో ఇది గొప్ప మేలు.

పాతదలచినవారు ఈ సంగతులు మరువరాదు. వానాకాలంలో నీరు 3 మీటర్లలోపే ఊరే డెల్టా నేలల్లో వద్దు. గాలిలోని తేమ గొట్టంలో నీరుగా దిగుతుంది. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు పెట్టి, పల్లపు కొసన నీరు తీసే గుంట ఉంచాలి. గొట్టం చుట్టూ మట్టిని బాగా కూరాలి. సందులుంటే వేడి మట్టిలోకి దిగదు. ఎలుకలు, పాములు దూరకుండా మూతికి జాలీ బిగించాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది కందకం. మీటరున్నర లోతు దాటితే ప్రక్కలకు చెక్కల ఊతమివ్వాలి, లేదా గట్లు వాలుగా తవ్వాలి. తీసిన మట్టిని అంచున పోయకూడదు. మట్టిపెళ్ళ విరిగిపడితే మనిషిని పైకి లాగే వ్యవధి ఉండదు. గదికి చల్లదనం కావాలని కూలివాని ప్రాణం ఒడ్డవద్దు.

ముందుగా బోరునీరు కొంతసేపు పారించి దాని వేడిమి కొలవండి. మే నెల మధ్యాహ్నం గదిలోని గాలి వేడిమి కూడా కొలవండి. రెంటికీ 10 డిగ్రీలయినా తేడా లేకుంటే త్రవ్వకం దండుగ. ఉంటే ఆ అంకెలు వ్రాసుకొని మీ విస్తరణాధికారి వద్దకు వెళ్ళండి. గొట్టం కొలతలు ఇద్దరూ కూర్చొని నిర్ణయించవచ్చు.